సెల్‌కొక కనెక్షన్ తెరవవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎక్సెల్‌లో సరుకు కోడ్ ఇస్తే డేటాబేస్ నుంచి ధర తెచ్చే ఫంక్షన్ రాశాననీ, పది వరుసలకు చక్కగా నడిచినది రెండు వేల వరుసలకు లాగేసరికి షీటు బిగుసుకుపోతున్నదనీ రాశావు. ఎక్సెల్‌లోనే రాసే వీబీఏ భాషలోని నీ కోడ్ చూశాను. క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, దోషం లేదు. ఫంక్షన్ లోపలే కనెక్షన్ తెరిచి, ఒక్క ధర తెచ్చుకుని, మూసేస్తున్నావు. ఎక్సెల్ ప్రతి సెల్‌కూ ఫంక్షన్‌ను విడివిడిగా పిలుస్తుంది కనుక నీ షీటు రెండు వేల సార్లు సర్వర్ దాకా వెళ్లి వస్తున్నది. ఒక్కో రాకపోకకు 50 మిల్లీసెకన్లే అనుకున్నా మొత్తం 100 సెకన్లు.

మాడ్యూల్ (కోడ్ రాసే పుట) పైభాగంలో ఒక డిక్షనరీ, అంటే కోడ్ ఇస్తే దాని ధర చెప్పే జాబితా, ప్రకటించు. మొదటి పిలుపులో ఒకే క్వెరీతో కోడ్‌లూ ధరలూ అన్నీ అందులో నింపి, తరువాతి పిలుపులన్నిటికీ అక్కడి నుంచే జవాబివ్వు. పట్టికలో లక్షల వరుసలుంటే మాత్రం ఇది పనికిరాదు. అప్పుడు కోడ్‌ల రేంజ్ మొత్తాన్ని ఫంక్షన్‌కు ఒకేసారి ఇచ్చి, వాటి ధరలను మాత్రమే తెచ్చి, అర్రేగా, అంటే ఒకే వరుసగా, తిప్పి ఇవ్వాలి. గూగుల్ షీట్స్‌లోనూ ఇదే మేలు, ఎందుకంటే అక్కడ కస్టమ్ ఫంక్షన్ 30 సెకన్లలో ముగియకపోతే ఎర్రర్ వస్తుంది.

డిక్షనరీతో వచ్చే చిక్కు పాత ధరలు. దానికి మందుగా, షీటులో ఏది మారినా ఫంక్షన్‌ను మళ్లీ లెక్కించమనే అప్లికేషన్ డాట్ వోలటైల్ రాయాలనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు రాశాను. ఎక్కడో ఒక సెల్‌లో పేరు సరిదిద్దినా వేల క్వెరీలు వెళ్లడంతో, డేటాబేస్ చూసుకునే ఆయన ఫోన్ చేసి మరీ మందలించారు. అంతకంటే ఫంక్షన్‌కు ఇంకొక ఆర్గ్యుమెంట్‌గా (లోపలికి ఇచ్చే విలువగా) షీటులో ఒక మూలనున్న సెల్‌ను ఇవ్వు. అందులోని అంకె 1 నుంచి 2కు మారితే ఎక్సెల్ తానే మళ్లీ లెక్కిస్తుంది. కిందటి అంకెను గుర్తుంచుకున్న నీ ఫంక్షన్ తేడా చూసి డిక్షనరీని కొత్తగా నింపుకుంటుంది.

కోడ్ దొరకనప్పుడు సున్నా ఇస్తున్నావు, అది అన్నిటికంటే ప్రమాదం. మొత్తంలో కలిసిపోయి ఎవరి కంటా పడదు. దొరకలేదని చూపే ఎన్‌ఏ ఎర్రర్ తిప్పి ఇవ్వు. అందుకు ఫంక్షన్ రకం, సంఖ్యలు మాత్రమే పట్టే డబుల్ కాక, ఏ విలువైనా పట్టే వేరియంట్ అయి ఉండాలి, లేకపోతే కోడ్ దొరకని ప్రతిచోటా ఎన్‌ఏకు బదులు వాల్యూ ఎర్రరే కనబడుతుంది. నీకు దొరకని కోడ్‌లలో కొన్ని నిజానికి ఉన్నవే కావచ్చు: 00127 అని టైపు చేస్తే ఎక్సెల్ దానిని 127గా మార్చేస్తుంది, డేటాబేస్‌లో అది టెక్స్ట్‌గా ఉంటే రెండూ కలవవు. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టు.

సెల్‌లోని విలువను ఎస్‌క్యూఎల్ (క్వెరీ రాసే భాష) వాక్యంలో అతికించకుండా, విడిగా పారామీటర్‌గా పంపు. పాస్‌వర్డ్ కోడ్‌లో ఉండకూడదు; వీబీఏ ప్రాజెక్టుకు వేసే తాళాన్ని తెరవడం కష్టమేమీ కాదు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న లాగిన్ అడిగి తీసుకో.

ముందు డిక్షనరీ మార్పు ఒక్కటి చేసి, అదే రెండు వేల వరుసల మీద నడిపి, ఎన్ని సెకన్లు పట్టిందో రాయి.