తుఫాను షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పెద్ద విపత్తు జరిగాక ప్రభుత్వం చేసే రక్షణ ఏర్పాట్లు నిజంగా జనాన్ని కాపాడతాయా, నాలుగు రోజుల హడావిడేనా అని అడిగారు కదా. కాపాడతాయండీ. నేనీ జవాబు టైప్ చేస్తున్నానంటే అలాంటి ఒక ఏర్పాటు వల్లే. కాకపోతే అది కట్టిన రోజున కాపాడదు, కట్టిన ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక రాత్రి కాపాడాలి, అసలు కష్టమంతా ఆ మధ్య ఏళ్ళలోనే ఉంది.

మాది దివిసీమ, నాగాయలంక దాటాక సముద్రం వైపు చిన్న ఊరు. మా వైపు పెద్దవాళ్ళు ఎవరి వయసైనా అడగాలంటే ఇప్పటికీ ఉప్పెనకి ముందు పుట్టావా తర్వాత పుట్టావా అనే అడుగుతారు. 1977 నవంబర్ 19, శనివారం. ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదకొచ్చేసింది. పోయినవాళ్ళు 10,000 అని కొందరు, 14,000 అని కొందరు అంటారు, ఇంటిల్లిపాదీ పోయిన చోట లెక్క చెప్పడానికైనా మనిషుండాలి కదా. మా నాయనమ్మ తాడిచెట్టు కరుచుకుని బతికింది. ఆవిడ చిన్న పిల్లలిద్దరూ, తోడికోడలూ పోయారు. మా నాన్న అప్పుడు బెజవాడలో పనిలో ఉండబట్టి మిగిలాడు. నేను పుట్టింది 1979లో, అంటే తర్వాత.

ఆ తర్వాత చాలానే చేసారు, చెయ్యలేదని నేననను. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి లాంటి వాళ్ళు ఊరూరా తిరిగి నిలబెట్టారు, పూరిళ్ళ చోట కొన్ని డాబాలు వచ్చాయి, గట్ల మీద సరుగుడు వేసారు, స్తంభాల మీద పైకెత్తి కట్టిన తుఫాను షెల్టర్లు వచ్చాయి. మా ఊళ్ళోనూ ఒకటి కట్టారు. కింద ఖాళీ, నీళ్ళొస్తే స్తంభాల మధ్య నుంచి పోవాలని, పైన ఒక పెద్ద హాలు.

1990 మే నెల. 9వ తారీఖున కృష్ణా నది సముద్రంలో కలిసే చోటే తుఫాను తీరం దాటింది, అంటే మా నెత్తిమీదే. నాకు 11 ఏళ్ళు. ముందురోజు నుంచే జీపులో మైకు పెట్టి చెప్తున్నారు, తలారి ఇంటింటికీ వచ్చి తలుపు కొట్టి మరీ లేపాడు. మా నాయనమ్మ అప్పటికే మూట కట్టేసి కూర్చుంది. తాత మాత్రం కదల్లేదు, రెండు పాడిగేదెలున్నాయి, వాటినొదిలి రానన్నాడు. ఆవిడ ఏం మాట్లాడలేదు, చూరులోంచి కొడవలి తీసి కొట్టంలోకెళ్ళి రెండిటి పలుపులూ కోసేసింది. తాత అరుస్తూనే ఉన్నాడు. కట్టేసిన గొడ్డు కట్టుకొయ్య దగ్గరే చచ్చిపోద్ది, వదిలేసింది ఈదుద్దని ఆవిడకి తెలుసు, ఉప్పెనప్పుడు చూసింది కదా. నా చెయ్యి పట్టుకుని ఆ వానలో నడిపించుకుపోయింది, తాత తిట్టుకుంటూ వెనకే వచ్చాడు.

తీరా షెల్టర్ మెట్లెక్కితే పైన తాళం. చెవి ఉన్నాయన అవనిగడ్డలో ఉన్నాడంట. మెట్ల మీద వంద మందిమి పైగా, చంటిపిల్లలు, ముసలాళ్ళు, గాలికి వాన ముఖం మీద గులకరాళ్ళలా కొడతంది. చివరికి ఎవరో గడ్డపార తెచ్చి తాళం పగలగొట్టారు. లోపల చూస్తే సగం హాలు యూరియా బస్తాలు! జనం ప్రాణాలు కాపాడుకోడానికి కట్టిన గదిని ఊళ్ళో ఒక పెద్ద రైతు గోడౌన్ చేసుకున్నాడు, అడిగేవాడు లేడు. మగాళ్ళంతా వరసగా నిలబడి ఆ బస్తాలు ఒక్కోటీ కిందకి విసిరేస్తే గానీ అందరికీ చోటు దొరకలేదు. ఆ కంపు నాకింకా ముక్కులో ఉంది.

రాత్రంతా ఒక్కటే లాంతరు. నాయనమ్మ నిద్రపోకుండా మా వీధి వాళ్ళని లెక్కపెడతానే ఉంది, వేళ్ళు మడుస్తూ, ఒక్కో పేరూ చెప్పుకుంటూ, అయిపోతే మళ్ళీ మొదటినుంచి. తెల్లారేదాకా అంతే. ఆ షెల్టర్లో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. ఆ తుఫానుకి రాష్ట్రం మొత్తం మీద పోయినవాళ్ళు వెయ్యి లోపు. వెయ్యి తక్కువని కాదు, కానీ పదమూడేళ్ళ ముందు మా సీమలోనే ఏమైందో తెలిసినవాళ్ళకి ఆ తేడా ఏంటో తెలుస్తుంది. లక్షకి పైగా జనాన్ని ముందే కదిలించారు కాబట్టి.

అందుకే ప్రభుత్వం ఏం చేసిందని ఎవరైనా అడిగితే నాకు కోపమొస్తది, చేసింది. చేసినదాన్ని ఎవరు కాపాడారన్నదే నా ప్రశ్న. నేను చూసినంతలో బడి నడిచే షెల్టరే బాగుంటుంది, తాళం వేసి ఉంచింది పదేళ్ళకి పెచ్చులూడిపోతుంది. రోజూ పిల్లలు తొక్కే మెట్లకి నాచు పట్టదు, తలుపు బిగుసుకుపోదు. అలాగే మరుగుదొడ్డి లేకుండా షెల్టర్ కట్టకండి మహాప్రభో, మా ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది దానికోసమే రామని భీష్మించుకునేవాళ్ళు, అధికారులేమో వాళ్ళకి అవగాహన లేదని రాసుకునేవాళ్ళు.

ఇంకో బాధ ఈ టీవీ వాళ్ళతో. పదో నంబరు ప్రమాద హెచ్చరిక అని రోజంతా అరుస్తారు, ఆ నంబర్లు రేవులో ఓడల వాళ్ళ కోసం పెట్టినవి, పొలంలో ఉన్న మనిషికి దాంతో ఏం తెలుస్తది? మీ ఊళ్ళోకి ఎన్ని అడుగుల నీళ్ళొస్తాయి, ఎన్ని గంటల్లోపు ఎక్కడికెళ్ళాలి, అది చెప్పండి. ప్రతి అల్పపీడనానికీ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కేకలేస్తే అసలుది వచ్చినరోజు జనం కదలరు. ఇక మడ అడవులు నరికి రొయ్యల చెరువులు తవ్వడం గురించి మొదలుపెడితే ఈ జవాబు అవ్వదు. ఒక చేత్తో షెల్టర్ కడుతూ ఇంకో చేత్తో సముద్రానికి అడ్డంగా ఉన్న చెట్టుని కొట్టేస్తే ఎలా?

మంచి మార్పు కూడా చెప్పాలి. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను వచ్చినప్పుడు మా మేనకోడలికి ఎనిమిదో నెల. రెండు రోజుల ముందే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, కూడా ఉండి ఆస్పత్రిలో చేర్పించింది. 1977లో మా నాయనమ్మ తోడికోడలు కూడా నిండు చూలాలే. ఆ ముక్క మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ గుర్తొచ్చింది.

1990 తర్వాత నాయనమ్మ పంచాయతీ వాళ్ళ వెంటపడి షెల్టర్ తాళానికి రెండో చెవి చేయించి తన దగ్గర పెట్టుకుంది. పోయేదాకా కొంగుముడిలోనే ఉండేది. ఇప్పుడది మా వదిన దగ్గరుంది, ఇంకో చెవి రేవు వీధిలో ఒకరి దగ్గర ఉంటుంది, ఏటా అక్టోబర్ మొదట్లో తాళంలో కొబ్బరినూనె వేసి తీసి చూస్తారు. ఈసారి పైమెట్టు దగ్గర రెయిలింగ్ తుప్పుపట్టి ఊగుతోందంట. అర్జీ పెట్టించాను, వచ్చే వర్షాకాలం లోపు వెయ్యకపోతే మా వీధి వాళ్ళమే చందాలేసుకుని వెల్డింగ్ చేయిస్తాం.