ఎవరు ఒంటరిగా భోంచేస్తున్నారో చూడు

తమ్ముడూ, డాలస్ వచ్చిన రెండేళ్లకే ఆరుగురికి లీడ్ అయ్యావు, సంతోషం. వాళ్ల చేత పని ఎలా చేయించాలని అడిగావు. నేను 2007లో వచ్చాను, లీడ్ అయ్యేసరికి నాలుగేళ్లు పట్టింది. ఈ టెన్షనంతా దాటి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

తప్పు దొరికితే అందరి ముందూ కడిగేయడమే పెద్దరికమని అప్పట్లో నా నమ్మకం. విజయవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు సాఫ్ట్‌వేర్ రిలీజ్ రాత్రి తప్పు స్క్రిప్ట్ నడిపాడు. మర్నాడు స్టాండప్‌లో, అంటే రోజూ పొద్దున జరిగే చిన్న మీటింగ్‌లో, టీమంతా వింటుండగా దులిపేశాను. కిక్కురుమనలేదు. అక్కణ్ణుంచి ఏదడిగినా "అయిపోతుందండీ" అనేవాడు. అయ్యేది కాదు. రాత్రుళ్లు కూర్చుని అతని కోడ్ నేనే సరిచేసేవాణ్ణి. అది ఇంకా పెద్ద తప్పు.

ఒక సోమవారం మధ్యాహ్నం పార్కింగ్‌లో కనబడ్డాడు. కారులో కూర్చుని, ఒళ్లో స్టీలు డబ్బా, పెరుగన్నం, ఒక ఆవకాయ బద్ద. వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. "శుక్రవారం మీటింగ్ తర్వాత మళ్లీ ఇవాళే నోరు విప్పడమండీ" అన్నాడు. ఆ రాత్రి ఏ స్క్రిప్ట్ నడపాలో అర్థం కాలేదనీ, అడగడానికి భయమేసిందనీ అప్పుడు చెప్పాడు.

ఆ భయం ఊరికే రాదు. ఉద్యోగం పోతే హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి వేరే దారి చూసుకోవడానికో, దేశం వదలడానికో గడువు మహా అయితే 60 రోజులు. ఆ రూల్సన్నీ ప్రభుత్వ సైట్‌లో ఉన్నాయి, చూసుకో.

ఆ వారం నుంచే ఒక్కొక్కరితో వారానికో అరగంట విడిగా కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాలు పని ఊసే ఉండదు. "అయిందా?" అనడం మానేసి "ఎక్కడ ఆగింది?" అని అడిగాను. మందలింపులు తలుపు వేసుకున్నాకే. హైదరాబాద్ టీమ్‌తో కాల్ మనకి ఉదయం 8కి పెడితే వాళ్లకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఇంటికెళ్లే వేళ అది, త్వరగా వదిలెయ్యి. తెలుగు రానివాళ్లు పక్కన ఉండగా తెలుగులో మాట్లాడకు, వాళ్లు ఒంటరివాళ్లయిపోతారు. ఆ కుర్రాడు రెండేళ్లకి నా టీమ్‌ని నడిపాడు. గర్వంగానే చెబుతున్నాను.

ఇక నీ సంగతి. ఇప్పుడు లీడ్‌వి కదా, నువ్వు కాఫీకి వెళ్లేసరికి అక్కడి కబుర్లు ఆగిపోతాయి. వేరే టీమ్ లీడ్ ఒకరితో ఇప్పుడే స్నేహం చేసుకో, ఆలస్యం చెయ్యకు.

నీ ఆరుగురిలో ఎవరు ఒంటరిగా భోంచేస్తున్నారో ఈ వారం చూసి నాకు రాయి.