రోజుకు ఒక్క తీరం చాలు

చి. బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. సెప్టెంబర్‌లో అమ్మానాన్నలు ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నారని, వాళ్ళను తీసుకుని ఐదు రోజులు గ్రీస్‌లోని క్రీట్ ద్వీపానికి వెళ్తున్నారని చదివి సంతోషపడ్డాను. దిగేది హన్యా ఊళ్ళోనే కదా? ఇంగ్లీషులో చానియా అన్నట్టు రాస్తారు, అక్కడ ఎవరినడిగినా హన్యా అనే అంటారు. కారు అద్దెకు తీసుకోవాలా, గైడ్ ఉన్న చిన్న వ్యాన్‌లో పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయాలా అని అడిగావు. ఫోన్‌లో చెబితే నువ్వు సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నా.

వ్యాన్ తీసుకోండి. అల్లుడుగారు బాగా నడుపుతారని నాకు తెలుసు, ఆయన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. కారణం వేరే ఉంది.

నువ్వు ఉప్పాడ రోడ్డు మీదికి కెరటాలు ఎగిరిపడటం చూస్తూ పెరిగిన పిల్లవి. సముద్రం అంటే మనకు పోటూ, ఆటూ, అమావాస్యా, పౌర్ణమీ. మధ్యధరా సముద్రానికి ఆ లెక్కలు పెద్దగా లేవు. చుట్టూ భూమే. మనుషులు తవ్విన సూయజ్ కాలువను వదిలేస్తే, పడమట జిబ్రాల్టర్ దగ్గర 14 కిలోమీటర్ల సందు ఒక్కటే దానికి మహాసముద్రంతో సంబంధం. అందుకే అక్కడ ఆటుపోట్లు నామమాత్రం. అక్కడ రోజు ఎలా గడుస్తుందో తేల్చేది గాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి ‘మెల్తెమి’ అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. సెప్టెంబర్‌లో జోరు తగ్గుతుంది గానీ, వెళ్ళిపోయాడనుకున్న చుట్టంలా మళ్ళీ గుమ్మంలోకొస్తుంది. అక్కడివాళ్ళు గాలిని బోఫోర్ట్ అంకెల్లో చెప్పుకుంటారు, అంకె పెరిగేకొద్దీ గాలి జోరు ఎక్కువని. ‘రేపు ఆరు’ అన్నారంటే చాలు, వినేవాడికి అర్థమైపోతుంది. ఫోన్‌లో ఎండ బొమ్మ చూసి మనం బయల్దేరతాం. తీరానికి వెళ్ళాక ఇసుక మొహానికి కొడుతుంది, పిల్ల ఏడుస్తుంది.

రోజూ ఆ దారిలో తిరిగే డ్రైవర్ ఒకడున్నాడనుకో, ముందు రోజు రాత్రే ‘రేపు బాలోస్ వద్దు, ఎల్లుండి వెళ్దాం, రేపు ఎలఫోనిసి పోదాం’ అని మెసేజ్ పెడతాడు. రెండూ అక్కడి పేరున్న తీరాలే. నువ్వు డబ్బు కట్టేది ఆ ఒక్క మాట కోసం అనుకో. పాటలూ, సీసా నీళ్ళూ, కూల్ డ్రింకులూ లెక్కలోకి రావు. కాబట్టి బుక్ చేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, గాలి ఎక్కువైతే రోజు మారుస్తారా, డబ్బు వెనక్కిస్తారా అని. దీనికి సూటిగా జవాబివ్వనివాళ్ళ దగ్గర బుక్ చేయకు. అలాగే ఈ ప్రయాణాన్ని ఐదు రోజుల్లో చివరి రోజుకు పెట్టుకోకు. రెండో రోజుకు పెట్టుకుంటే మార్చుకోవడానికి వీలుంటుంది.

రెండో ప్రశ్న, ఎంత మంది అని. ‘స్మాల్ గ్రూప్’ అని రాసుంటే నమ్మేయకు, అంకె అడుగు. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో డ్రైవర్ కాక ఎనిమిది మందిని ఎక్కించుకోవచ్చు. అందుకే అసలైన చిన్న వ్యాన్లు చాలావరకు ఎనిమిది సీట్లవే. మినీబస్సులో పద్దెనిమిది మందిని కూర్చోబెట్టి అదే పేరు పెట్టేవాళ్ళూ ఉన్నారు. మీరే ఐదుగురు. వ్యాన్ మొత్తం మాట్లాడుకుంటే ఎంతవుతుందో కూడా ఒకసారి అడిగి చూడు. ఒక్కోసారి తేడా పెద్దగా ఉండదు, దిగేదీ ఎక్కేదీ మీ ఇష్టం అవుతుంది. నాకైతే కొత్త మనుషులతో వెళ్ళడమే ఇష్టం. మీ నాన్నకు మాత్రం పక్కవాళ్ళు బిక్కుబిక్కుమని చూసేంతవరకూ ప్రశ్నలు వేసే అలవాటుంది, ఆలోచించుకో.

మూడోది, ఇసుక మీద ఎంతసేపు వదులుతారు అన్నది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి వెళ్ళినప్పుడు ‘ఒకే రోజు రెండు తీరాలు’ అన్నది చూసి మురిసిపోయి కట్టేశాం. మీ పెదనాన్న అయితే ఒక టికెట్‌కు రెండు సినిమాలు అన్నారు. తీరా చూస్తే రోజంతా ఘాట్‌రోడ్డులో తిరగడమే సరిపోయింది. ఒక్కో చోట గంటా పావు. చెప్పులు విప్పి, తుండు పరిచి, నీళ్ళలో దిగి, అబ్బా అనేలోపే డ్రైవర్ చేయి ఊపాడు. ఒక రోజుకు ఒక తీరం చాలు బుజ్జీ. కనీసం మూడున్నర, నాలుగు గంటలు అక్కడే వదిలేదైతేనే ఒప్పుకో.

ఎక్కడికంటే, మీ అమ్మ మోకాళ్ళు, చిన్నదాని వయసు చూస్తే నా ఓటు ఎలఫోనిసికి. ద్వీపానికి నైరుతి మూలన ఉంటుంది. హన్యా నుంచి సుమారు 75 కిలోమీటర్లు, గంటన్నర దారి. నీళ్ళు చాలా దూరం వరకు మోకాళ్ళ లోతే, నడుచుకుంటూ ఎదుటి చిన్న దీవికి వెళ్ళిపోవచ్చు. మీ అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకునైనా దాటేస్తుంది. కానీ గులాబీ ఇసుక అని ఫోటోల్లో చూసి, మొత్తం తీరం పీచుమిఠాయిలా ఉంటుందనుకోవద్దని ముందే చెప్పు. నీటి అంచున చారలు చారలుగా మాత్రమే ఆ రంగు. చిన్న చిన్న సముద్రజీవుల పెంకులు పొడై ఇసుకలో కలవడం వల్ల అలా కనిపిస్తుంది.

ఆ దీవి మీద ఒక శిలాఫలకం ఉంటుంది. 1824లో ఒట్టోమన్ సైన్యం నుంచి తప్పించుకుని అక్కడ దాక్కున్న వందల మందిని, ఎక్కువగా ఆడవాళ్ళనూ పిల్లలనూ ముసలివాళ్ళనూ, ఈస్టర్ రోజుల్లో చంపేశారు. మా గైడ్ ఆ మాట చెప్పి, మాట మార్చకుండా కాసేపు ఊరుకున్నాడు. అలాంటివాడు దొరకడం మీ అదృష్టాన్ని బట్టి. ఈ వ్యాన్లలో చాలా చోట్ల డ్రైవరే గైడు. కథలు చెప్పేవాడూ ఉంటాడు, ఏసీ తగ్గించాలా అని తప్ప ఇంకేం అడగనివాడూ ఉంటాడు.

దారి గురించి కూడా చెప్పాలి. తొపోలియా అనే లోయ పక్కనుంచి పోతుంది. మధ్యలో ఒక ఇరుకు సొరంగం, ఒక్క వరస బండ్లే పడతాయి, సిగ్నల్ పచ్చబడేదాకా ఆగాలి. పెద్ద బస్సులకు ఈ మలుపులు కష్టం, మన వ్యాన్‌కు నయం. హన్యా నుంచి ఎనిమిదింటికల్లా కదిలితే పెద్ద బస్సుల గుంపు దిగేలోపు మీరు తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తుంటారు. తొమ్మిదిన్నరకు బయల్దేరే ట్రిప్పు ఎంత చవకైనా వద్దు. మీ అమ్మకు అన్నవరం కొండెక్కే బస్సులోనే కడుపులో తిప్పుతుంది. ముందు సీటు కావాలని బుకింగ్‌లోనే రాయించు, బయల్దేరే ముందు అవోమిన్ మాత్ర వేయించు. పిల్లకు కార్ సీటు కూడా ముందే చెప్పాలి. ఆ రోజు పొద్దున అడిగితే ఎవరి దగ్గరా ఉండదు.

తిరిగొచ్చేటప్పుడో వెళ్ళేటప్పుడో క్రిసోస్కాలిటిస్సా మఠం దగ్గర ఆపుతారేమో అడుగు. బండ మీద తెల్లటి గుడి, కింద సముద్రం. మెట్లలో ఒకటి బంగారు మెట్టని, భక్తి ఉన్నవాళ్ళకే కనిపిస్తుందని అక్కడ చెప్పుకుంటారు. మీ నాన్న ఆ మెట్టు కోసం ప్రతి మెట్టూ తడుముతాడు, చూస్తూ ఉండు. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, బ్యాగులో ఒక చున్నీ వేసుకో.

బాలోస్ సంగతి. ఫోటోల్లో దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. రెండు దారులున్నాయి. ఒకటి మట్టిరోడ్డు మీద వెళ్ళి, బండి ఆపి, రాళ్ళ బాటలో అరగంట దాకా కిందికి దిగడం. దిగడం సరే, మిట్ట మధ్యాహ్నం ఎండలో ఎక్కేటప్పుడు తెలుస్తుంది. చెట్టన్నది లేదు. మా వాడు ఒకసారి అద్దె కారుతో ఆ మట్టిరోడ్డెక్కి అడుగు భాగం గీసుకున్నాడు. మట్టిరోడ్డు మీద అయిన నష్టానికి ఇన్సూరెన్స్ వర్తించదని అద్దె కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. ఆ డబ్బుతో వ్యాన్ ట్రిప్పులు ఎన్ని వచ్చేవో లెక్కేసుకుని అల్లాడాడు.

రెండో దారి కిసామోస్ రేవు నుంచి ఓడ. గ్రామ్‌వూసా దీవి దగ్గర ఆపుతుంది, అక్కడ కొండ మీద 137 మీటర్ల ఎత్తున వెనిస్ వాళ్ళు 1579లో మొదలుపెట్టిన కోట ఉంది. తర్వాత బాలోస్ దగ్గర దింపుతుంది. మోకాళ్ళకు ఇదే మేలు. కానీ ఒక మెలిక. హోటల్ నుంచి రేవు దాకా మీది చిన్న గుంపే, రేవులో ఎక్కేది వందల మంది పట్టే ఓడ. ప్రకటనల్లోని అందమైన మాటల్లో ఈ సంగతి రాయరు. అమ్మానాన్నలతో అయితే ఓడ, మీరిద్దరే మళ్ళీ ఎప్పుడైనా వెళ్తే నడక.

ఇక తిండి. మీ నాన్న శాకాహారం అక్కడ కష్టమేం కాదు. ‘వెజిటేరియన్’ అంటే కొన్ని చిన్న ఊళ్ళలో సలాడ్ పెట్టి ఊరుకుంటారు. ‘నిస్తీసిమో’ అని అడగమను. అంటే వాళ్ళ ఉపవాస వంట. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ జాగ్రత్త, వాళ్ళ ఉపవాసంలో రొయ్యలూ ఆక్టోపస్సూ చెల్లుతాయి! అది వద్దని విడిగా చెప్పాలి. హోర్తా అని ఉడకబెట్టిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఇస్తారు, పోపు లేదన్న లోటే. దాకోస్ అని గట్టి బార్లీ రొట్టె మీద టమాటా, మెత్తటి చీజ్ వేసి ఇస్తారు, నాకు భలే నచ్చింది. తీరం మీదికి మాత్రం పులిహోర చేసి పట్టుకెళ్ళండి, వంటగది ఉన్న బస చూసుకుంటే సరి. ఎండకు చెడదు, చేతికి అంటదు. ఆవకాయ సీసా వద్దు. మూత వదులై కారితే ఆ వ్యాన్‌లో సాయంత్రం దాకా మన పరువు గుబాళిస్తుంది.

ఎక్కే చోటు గురించి ఒక మాట. హన్యా పాతబస్తీ సందుల్లోకి వ్యాన్లు రావు. ‘హోటల్ దగ్గర పికప్’ అంటే దగ్గర్లోని ఏదో మూల అని అర్థం. మేము హోటల్ గుమ్మంలో నిలబడ్డాం, వ్యాన్ రెండు వీధుల అవతల నిలబడింది, పది నిమిషాలు చూసి వెళ్ళిపోయింది. డబ్బు రాలేదు, అడిగితే మాదే తప్పన్నారు. నిజమే. ముందు రోజు సాయంత్రం షికారుకు వెళ్ళి ఆ మూల చూసి రండి. మనవాళ్ళ ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నాం’ అక్కడ చెల్లదు, ఆ ఐదు నిమిషాలు మిగతా ముగ్గురి సెలవులోంచి పోతాయి.

మిగతావి గబగబా. రబ్బరు నీటి చెప్పులు అందరికీ కొను, రాళ్ళున్న చోట సముద్రపు ముళ్ళకాయలుంటాయి, ముల్లు దిగితే ఆ రోజు అయిపోయినట్టే. చుడీదార్‌తో దిగితే తడిసి మణుగు బరువవుతుంది, అమ్మకు త్వరగా ఆరే లెగ్గింగూ పొడుగు చేతుల టాపూ తీసుకో. అక్కడ బట్టల విషయంలో ఎవరి గోల వారిది, నాన్నకు ముందే చెప్పు, మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక తికమకపడతాడు. ఆ నీళ్ళు మన బంగాళాఖాతం కంటే ఉప్పన. మనకు గోదావరీ, కృష్ణా, గంగా మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, అక్కడ ఎండకు ఆవిరయ్యేదే ఎక్కువ. తేలడం తేలిక, కళ్ళు మాత్రం మండుతాయి. పిల్ల మొహం కడగడానికి రెండు లీటర్ల మంచినీళ్ళు విడిగా పెట్టుకో. గొడుగు, కుర్చీల అద్దెకు కాస్త నగదు ఉంచుకో. నీ జర్మన్ ఇన్సూరెన్స్ కార్డు వెనక వైపు యూరప్ ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది, అది పర్సులో ఉండాలి. అమ్మానాన్నలకు వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల పాలసీ కాగితం ఫోటో నీ ఫోన్‌లో ఉంచుకో. ఏదైనా అయితే 112కి ఫోన్ చెయ్యి.

నువ్వు చూసిన రెండు మూడు ట్రిప్పుల వివరాలు నాకు పంపు. వాటిలో తీరం దగ్గర వదిలే సమయం రాయకపోతే, నాకు పంపే ముందే వాళ్ళనడిగి తెలుసుకో.

మీ
పెద్దమ్మ

తా.క. ఎలఫోనిసిలో ఇసుకా, గవ్వలూ తీసుకురావడం నిషేధం, అది రక్షిత ప్రాంతం. మీ అమ్మ చిన్నప్పుడు ఉప్పాడ నుంచి ఎప్పుడొచ్చినా పరికిణీ మడతలో గవ్వలు దాచుకొచ్చేది, మా అమ్మ మంచం కింద ఊడ్చేటప్పుడు దొరికేవి. వ్యాన్ ఎక్కే ముందు దాని హ్యాండ్‌బ్యాగు చూడు.