పన్ను నొప్పి మాత్రలు వేసుకుంటే పాపకు పాలు ఆపాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పాపకు నాలుగో నెల. జ్ఞానదంతం దగ్గర చీము పట్టి దవడ వాచింది. డెంటిస్టు ఐదు రోజులకు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ 400, ఐబుప్రొఫెన్ రాశారు. అవి అయ్యేవరకు పాలివ్వొద్దు, డబ్బా పాలు పట్టమని మా అత్తయ్య అంటున్నారు. భయంతో రెండు రోజులుగా మాత్రలు వేసుకోలేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు మాత్రలు మొదలుపెట్టండమ్మా, ఈ పూటే. చీమును అలా వదిలేయకూడదు. నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాలు ఆపక్కర్లేదు. అమాక్సిసిలిన్ పసిపిల్లలకు కూడా చుక్కల మందుగా రాసేదే. పాల ద్వారా పాపకు చేరేది అందులో చాలా చిన్న వంతు. ఐబుప్రొఫెన్ అయితే పాలలోకి వెళ్లేది నామమాత్రమే. అన్నం తిన్నాక వేసుకోండి. మూడింటిలో కాస్త ఎక్కువగా వెళ్లేది మెట్రోనిడజోల్. మీ నోరు చేదుగా, ఇనుము నాకినట్టు అనిపిస్తుంది చూడండి, పాల రుచి కూడా కొంచెం మారి పాప ఒకటి రెండుసార్లు మొహం తిప్పుకోవచ్చు. పాలు పట్టిన వెంటనే మాత్ర వేసుకుంటే సరిపోతుంది. ఇదే మందును 2 గ్రాములు ఒకేసారి మింగమంటే మాత్రం పాలివ్వడానికి 12 నుంచి 24 గంటలు ఆగమంటాం. మీది ఆ పద్ధతి కాదు.

పాపకు విరేచనాలు పల్చబడినా, నాలుక మీద తుడిచినా పోని తెల్లటి పూత కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ముందే అడగాలి.

మీ అత్తయ్యది పాప మీద ప్రేమే, కాదనను. కానీ ఐదు రోజులు పాలు ఆపితే రొమ్ములు గడ్డకట్టి జ్వరం రావచ్చు, పాలూ తగ్గిపోవచ్చు. పంటి నొప్పికి తోడు అదో టెన్షన్.

అసలు భయపడాల్సింది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలకు. ట్రమడాల్, కోడీన్ కలిసినవి వద్దు. వాటితో బిడ్డ మత్తుగా పడి ఉండి, ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. నిమెసులైడ్ కూడా పాలిచ్చే తల్లులకు నేను రాయను. నొప్పి ఆగకపోతే పారాసిటమాల్ వేసుకోవచ్చు.

వాపు తగ్గాక పన్ను తీయించుకోండి. అప్పుడిచ్చే తిమ్మిరి ఇంజెక్షన్‌కూ పాలు ఆపాల్సిన పని లేదు. కుర్చీ దిగగానే పాపను ఒళ్లోకి తీసుకోవచ్చు.