దాచేదేంది, చెప్పేదేంది

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నీ స్క్రిప్టు చదివాను అబ్బయ్యా. విడవలూరు రొయ్యల గుంటలు, గుమాస్తా, అతను ఎత్తుకొచ్చిన 6 లక్షలు, అన్నీ బాగున్నాయి. చిక్కల్లా ఒకటే, ప్రతి సంగతీ చివరిదాకా దాచిపెట్టావు. ఏమీ తెలియని ప్రేక్షకుడు భయపడడు, ఫోను తీసుకుంటాడు. ఏది ముందే చెప్పెయ్యాలో తేల్చుకోవడమే సస్పెన్సులో అసలు పని. హిచ్‌కాక్ 1960లో తీసిన సైకో రెండుసార్లు చూడు. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండు కట్టేసి, ప్రతి సీనుకీ నిమిషాలు రాసుకుంటా.

అందులో హీరోయిన్ మేరియన్ తలనొప్పని చెప్పి ఆఫీసు నుంచి వచ్చేసి, అక్కడ కాజేసిన 40,000 డాలర్లతో కారెక్కుతుంది. సిగ్నల్ దగ్గర ఆమె యజమానే కారు ముందు నుంచి రోడ్డు దాటుతూ ఆమెను చూస్తాడు. మర్నాడు నల్ల కళ్లద్దాల పోలీసు కారు అద్దం తడతాడు. అడిగేవన్నీ మామూలు ప్రశ్నలే. డబ్బు సంగతి అతనికి తెలియదు, మనకు తెలుసు. మనకూ తెలియకపోతే అది ఉత్త లైసెన్సు తనిఖీ అయ్యుండేది. అందుకే నీ గుమాస్తా సంచిలో డబ్బుందని మొదటి నిమిషంలోనే చూపించెయ్యి.

109 నిమిషాల సినిమాలో మేరియన్ దాదాపు 47వ నిమిషంలో చచ్చిపోతుంది. అందరూ ఆ స్నానాల గది హత్యనే చెప్పుకుంటారు. ముప్పావు నిమిషం సీనుకి వారం రోజులు తీశారు, నిజమే. నువ్వు మాత్రం దాని తర్వాతది చదువు. ఆమె దిగిన మోటెల్ నడిపే నార్మన్ గది కడుగుతాడు. నేల తుడుస్తాడు, శవాన్ని కర్టెన్‌లో చుడతాడు, సామాన్లు సర్దుతాడు. ఇంచుమించు మాటలే ఉండవు. చివరిగా బల్ల మీది న్యూస్‌పేపర్ని, అందులో డబ్బు చుట్టి ఉందని తెలియకుండానే, డిక్కీలోకి విసిరేస్తాడు. కారు ఊబిలో సగం దిగి ఆగిపోతుంది. అప్పుడు ‘మునగవే’ అని మన మనసే అంటుంది! ఇందాకటిదాకా మేరియన్ పక్షాన ఉన్నవాళ్లం, ఇప్పుడు ఆమె శవాన్ని దాచేవాడి పక్షానికి వచ్చేశాం. ఒక మనిషి శ్రద్ధగా పని చేస్తుంటే అంతసేపు చూశాక, ఆ పని చెడిపోకూడదనే అనిపిస్తుంది.

నీ కథలో గుమాస్తా చచ్చాక కాపలావాడు ఒక్క షాటులో హీరో అయిపోయాడు. అట్టా కుదరదు. నీది 15 నిమిషాల సినిమా గనక, ఆ లెక్కన చావు ఆరున్నర నిమిషం దగ్గర పడాలి. ఆ తర్వాత కనీసం రెండు నిమిషాలు కాపలావాడి చేతులే చూపించు.

దాచక తప్పనిదొకటి ఉంటుంది. నార్మన్ తల్లిని మోసుకుపోయేటప్పుడు కెమెరా మెట్ల మీదుగా మెల్లిగా పైకి లేచి తలపై నుంచి చూస్తుంది. వాళ్ల వాదులాట వింటూ ఉంటాం కాబట్టి తల్లి మొహం దాస్తున్నారని తట్టదు. నువ్వు హంతకుడి మొహం మీద నీడ వేశావు. నీడ కనపడగానే దాస్తున్నావని తెలిసిపోతుంది. వాణ్ణి వంగి మేత బస్తా విప్పుతుండగా వెనకనుంచి తియ్యి.

రెండో సగానికి బలం గుంటల్లోనే ఉంది. కరెంటు పోతే నీళ్లను చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య చస్తుంది, రైతు జనరేటర్ వేయడానికి పరిగెత్తాలి. ఈ సంగతి మూడో నిమిషంలో ఎవరిచేతైనా మామూలు మాటగా అనిపించు. తర్వాత కాపలావాడు సంచిని ఆ జనరేటర్ షెడ్డులోనే దాచాలి. తెల్లవారుజామున, ఆక్సిజన్ మరీ తక్కువగా ఉండే వేళకి, కరెంటు తియ్యి. రైతు టార్చి పట్టుకుని గట్టు మీద వస్తుంటాడు. డైలాగు అక్కర్లేదు.

చివర్లో నీ ఎస్సై రెండు పేజీలు వివరించాడు. సైకో చివర్లో మానసిక డాక్టరు అంతా విడమరిచి చెప్పేదే నాకు సాగదీతగా అనిపిస్తుంది, నీది కొట్టెయ్యి. సంగీతం కూడా భయానికి ముందే మొదలెట్టకు, వచ్చేదేందో అదే చెప్పేస్తుంది.

ఏరియేటర్ల చప్పుడు మూడు నిమిషాలు విడిగా రికార్డు చేసుకో. అవి తిరుగుతుండగా డైలాగు తీస్తే ఒక్క మాటా వినపడదు, పైగా కట్ చేసిన ప్రతిచోటా చప్పుడు ఎగిరిపడుతుంది. ఆపించి మాటలు తీసి, చప్పుడు తర్వాత కింద పరుచుకో. రైతు ఎంతసేపు ఆపనిస్తాడో ముందే మాట్లాడుకో.

మీ మామయ్య