బయోస్ పాస్‌వర్డ్ మర్చిపోతే

అల్లుడూ,

కొట్లో కంప్యూటర్ విండోస్ దాకా రాకుండానే పాస్‌వర్డ్ అడుగుతోందని, పెట్టిన బావగారికే గుర్తురావట్లేదని రాశావు. మిర్చి సీజన్లో రైతుల లెక్కలన్నీ అందులో ఇరుక్కుంటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది! కానీ ఆ తాళం బయోస్‌ది, అంటే ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాముది, లెక్కలుండే డిస్కుది కాదు. డిస్కుకి విడిగా పాస్‌వర్డ్, బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్లకి విండోస్ వేసే తాళం) లేకపోతే దాన్ని ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించినా ఫైళ్లు కనిపిస్తాయి.

అందుకే ముందు బిట్‌లాకర్ సంగతి తేల్చుకో. బయోస్ సెట్టింగులు మారితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు. బావగారి మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఫోన్లో తెరిచి, కీ ఉంటే ఇవాళే కాగితం మీద రాసుకో. ఈ పని అయ్యేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

తర్వాత బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని తీరిగ్గా ప్రయత్నించు. క్యాప్స్ లాక్ చూడు. అంకెలున్న పాస్‌వర్డ్ అయితే కుడిపక్క అంకెల మీటలు కాకుండా పైవరసలోవి కొట్టు, నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే ఆ కుడిపక్కవి పనిచేయవు. మూడుసార్లు తప్పయితే చాలా వాటిల్లో స్క్రీన్ ఆగిపోతుంది, ఆపి మళ్లీ ఆన్ చెయ్యి, కంగారేం లేదు.

అయినా రాకపోతే, మీది డెస్క్‌టాప్ కాబట్టి దారి ఉంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి పది నిమిషాలాగి పెట్టు. కొన్ని బోర్డులకి బ్యాటరీ ఒక్కటే చాలదు, పాస్‌వర్డ్ కోసం చిన్న జంపర్ (బోర్డు పిన్నులకి తొడిగే ముక్క) విడిగా ఉంటుంది, మాన్యువల్ చూసే మార్చాలి. తెరుచుకోగానే తేదీ సరిచెయ్యి, లేకపోతే బిల్లులన్నీ పాత తేదీతో పడతాయి.

మీ చెల్లి ల్యాప్‌టాప్‌కీ ఇదే చేద్దామన్నావు, అది మాత్రం వద్దు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాస్‌వర్డ్ వేరే చిప్‌లో ఉంటుంది, బ్యాటరీ తీసినా పోదు. లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయోస్ సెట్టింగులకి వేసే తాళం) మర్చిపోతే బోర్డే మార్చాలని లెనోవో చెబుతుంది. పాత ఇంటెల్ మ్యాక్ అయితే ఆపిల్ అధీకృత సర్వీస్ సెంటర్‌కి అసలు బిల్లుతో వెళ్లాలి. బిల్లు లేకుండా ఎవరైనా తెరిచేస్తామంటే డిస్కుతో సహా వాళ్ల చేతికి ఇవ్వకు, కొట్టు డిస్కులో ఊరందరి బ్యాంకు వివరాలున్నాయి.

గుంటూరులో అంత ఇబ్బందైతే ఆదివారం బస్సెక్కి బెజవాడ తెచ్చెయ్యి, నేను చూస్తా. ఈలోపు కేబినెట్ మూత తీసి బోర్డు ఫోటో పంపు, మోడల్ నంబరు కనపడాలి.

మీ మావయ్య