కింద క్లినిక్, పైన ఇల్లు

ప్రశ్న: మాకు తూర్పు రోడ్డుకు 300 గజాల స్థలం ఉంది. రోడ్డు వైపు 45 అడుగులు, లోపలికి 60. నాది జనరల్ ప్రాక్టీసు, మావారు పళ్ల డాక్టరు. కింద రెండు క్లినిక్‌లూ, పైన ఇల్లూ కట్టాలని మా ఆలోచన. స్థలాన్ని చెరి సగం చేసి పక్కపక్కన కట్టమని బంధువులు అంటున్నారు. ఏది నయం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఆలోచనే నయం. 45 అడుగుల్ని రెండుగా చీలిస్తే, సెట్‌బ్యాక్‌లు (చుట్టూ కట్టకుండా వదలాల్సిన ఖాళీ) పోగా రెండు సన్నటి రైలుపెట్టెలు మిగులుతాయి. ముందు 10, మిగతా మూడు వైపులా 5 అడుగుల చొప్పున వదిలారనుకుంటే 35 × 45 వస్తుంది. అంటే అంతస్తుకు 1575 చదరపు అడుగులు. మీ ఇద్దరికీ అది చాలు.

గదుల సంగతి తర్వాత, ముందు దారులు తేల్చండి. ఇంటి మెట్లు ఆగ్నేయ మూలలో పెట్టి వాటికి సొంత గేటు ఇవ్వండి. రోగుల ద్వారం ఈశాన్యం వైపు ఉంచండి. వాస్తు చెప్పేవాళ్లతోనూ పేచీ ఉండదు. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులైతే 6 అంగుళాల మెట్లు 21 పడతాయి. మూడున్నర అడుగుల వెడల్పుతో మధ్యలో తిరిగే మెట్లకు లోపలి కొలత 7.5 × 15.5 అడుగులు ఉండాలి. చోటు కలిసొస్తుందని రిసెప్షన్‌లోంచే మెట్లు లేపేవాళ్లున్నారు. ఆ తర్వాత పాలవాడూ, బడికెళ్లే పిల్లలూ, దగ్గుతూ కూర్చున్న రోగులూ అందరిదీ ఒకటే వరండా అవుతుంది.

పిల్లర్లు 11 నుంచి 15 అడుగుల దూరంలో, క్లినిక్ గోడల్లో కలిసిపోయేలా రావాలి. పైన పడకగది కోసమని మధ్యలో బీము మీద పిల్లరు లేపనివ్వకండి. పై బాత్‌రూములు కింది టాయిలెట్ల నెత్తినే ఉండాలి. సంకెన్ స్లాబు (పైపుల కోసం బాత్‌రూము కింద పల్లంగా వేసే స్లాబు) వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, పూడ్చకముందే, 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ చూడండి. ఈ పరీక్ష ఎగ్గొట్టిన చోట కారే నీళ్లు పడేది పళ్ల కుర్చీ మీదో, కంప్యూటర్ మీదో.

కన్సల్టేషన్ గది 10 × 12 అడుగులు సరిపోతుంది. పరీక్ష చేసే బల్ల ఎటు వేయాలో గోడలు లేవకముందే గీయించండి. డాక్టరు రోగికి కుడివైపు నిలబడతారు కాబట్టి బల్ల ఎడమ అంచు గోడకు ఆనాలి. తలుపు తీయగానే బల్ల బయటికి కనపడకూడదు. చాలా ప్లాన్లలో ఈ రెండూ తప్పుతాయి. పళ్ల కుర్చీ గది 10 × 11 ఉండాలి. నీళ్ల పైపు, డ్రెయిన్, గాలి గొట్టం, సక్షన్, కరెంటు అన్నీ కుర్చీ కిందికి నేలలోంచే వస్తాయి. టైల్స్ వేశాక గుర్తొస్తే నేల పగలగొట్టాల్సిందే. కంప్రెసర్‌ను వెనక గాలాడే చిన్న గదిలో రబ్బరు ప్యాడ్ల మీద పెట్టండి. దాని పైన పడకగది రాకూడదు.

ప్రశ్న: బేస్‌మెంట్ అడుగున్నర లేపాం. ర్యాంపుకి 9 అడుగులు చాలని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్కూటర్ ఎక్కడానికి చాలు, వీల్‌చైర్‌కు చాలదు. వాలు 1:12 ఉండాలి. అంటే 18 అంగుళాల ఎత్తుకు 18 అడుగుల పొడవు. పైనా కిందా కుర్చీ తిరగడానికి 5 అడుగుల చదును వదలాలి. వెడల్పు 4 అడుగులు, రెండు వైపులా చేపట్టు. ముందు అంత లోతు లేకపోతే గోడ వెంబడి అడ్డంగా వేయండి. సెట్‌బ్యాక్‌లో ర్యాంపుకు మీ మున్సిపాలిటీ ఒప్పుకుంటుందో లేదో ప్లాన్ గీసే ఇంజినీరుతో ముందే తేల్చుకోండి. పాలిష్ గ్రానైట్ మాత్రం వద్దు, మొదటి వానకే జారుతుంది. ద్వారానికి తలుపు తెరిచాక 3 అడుగుల ఖాళీ ఉండాలి, స్ట్రెచర్ వచ్చేదైతే 4.

ప్రశ్న: ఎముకల క్లినిక్‌లో ఎక్స్‌రే పెడదామనుకుంటున్నాం. పై అంతస్తులో మేమే ఉంటాం. ప్రమాదమా?
– ఒక డాక్టరు, కరీంనగర్

జవాబు: సరిగ్గా కడితే కాదు. గది 18 చదరపు మీటర్లకు తగ్గకూడదు, పదమూడున్నర × పద్నాలుగున్నర అడుగులు వేసుకోండి. గోడలు 9 అంగుళాల గట్టి ఇటుకవి, తలుపుకు సీసం రేకు. ఇప్పుడు అందరూ తేలికపాటి ఏఏసీ బ్లాకులు వాడుతున్నారు. ఎక్స్‌రే కిరణాల్ని ఆపేది బరువైన పదార్థం, కాబట్టి ఈ గదికి అవి పనికిరావు. పైన మనుషులు పడుకుంటారు గనుక మామూలు 5 అంగుళాల స్లాబుతో సరిపెట్టకండి. 6 అంగుళాల కాంక్రీటు ఇంచుమించు 9 అంగుళాల ఇటుక గోడతో సమానం. సెంట్రింగ్ కొట్టకముందే ఆ మందం డ్రాయింగులో ఉండాలి. ఛాతీ ఎక్స్‌రే తీసే స్టాండును మనుషులు తిరగని బయటి గోడకు పెట్టండి, వెయిటింగ్ హాలు గోడకు కాదు. కిటికీ ఉంటే బయటి నేల నుంచి 2 మీటర్ల పైన. యంత్రం వాడాలంటే అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి ఈ-లోరా పోర్టల్‌లో తీసుకోవాలి. అల్ట్రాసౌండ్ స్కానింగ్ పెట్టే ఆలోచన కూడా ఉంటే, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ వేరే.

ప్రశ్న: ఇంటి చెత్త, క్లినిక్ చెత్త ఒకే చోట పెట్టొచ్చా? మీటర్ ఒకటే చాలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: రెండింటికీ కుదరదనే జవాబు. 2016 నిబంధనల ప్రకారం నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, సూది తీసిన సిరంజీ, సెలైన్ గొట్టాలు ఎరుపులోకి, సూదులు చిల్లుపడని గట్టి తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి వెళ్లాలి. మున్సిపల్ బండికి ఇవ్వకూడదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకుని, మీ ప్రాంతంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రంతో ఒప్పందం చేసుకోవాలి. నెత్తురంటిన వ్యర్థాల్ని 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. ఇందుకు 3 × 4 అడుగుల గది, లోపల కుళాయి, డ్రెయిన్, తాళం ఏర్పాటు చేయండి. తలుపు పక్క సందులోకి తెరుచుకోవాలి, మీ వంటింటి కిటికీ కిందకు కాదు.

ఇంటి కరెంటు మీటర్ ఒకటో కేటగిరీ (గృహ వాడకం), క్లినిక్‌ది రెండో కేటగిరీ (వాణిజ్య వాడకం). ఇంటి మీటర్ మీద క్లినిక్ నడిపితే తనిఖీలో కేసు రాస్తారు. నీళ్ల ట్యాంకులు కూడా విడిగా కట్టండి, ఒకటి కడుగుతున్నప్పుడు రెండోది ఆగదు.